తాడు పట్టని చేతులు

బోరబండ గోదాము ఖాళీ చేస్తుంటే మా అత్తమ్మ చీర దొరికింది. ఇప్పుడెవరూ కట్టుకునే చీర కాదది. పాత గ్యాసు లైటు అద్దం పగలకుండా దాని చుట్టూ చుట్టి, పైన పురికొస కట్టి, అటక మీద పెట్టారెవరో. మా అమ్మాయి లిఖిత మూతికి గుడ్డ కట్టుకుని దుమ్ము దులుపుతూ, ఇది పారేసేదేనా అని అడిగింది. ముదురాకుపచ్చ నేత చీర, సన్నటి అంచు. విప్పి చూస్తే చీరంతా బాగానే ఉంది, కొంగు చివర మాత్రం జానెడు మేర పోగులు పోగులుగా విడిపోయి మెలికలు తిరిగి ఉంది. పారేయొద్దన్నాను. ఎందుకని అడిగితే మీ నానమ్మదని మాత్రం చెప్పాను. ఆ చీర ఆమె ఏ రోజున కట్టుకుందో నాకు బాగా గుర్తుంది. ఆ రోజు మీద నాకు చాలాకాలం కోపం ఉండేది కనుక ఇంకా బాగా గుర్తుంది.

ఇప్పుడు మా పనిని ఈవెంట్లు అంటున్నారు. హైటెక్ సిటీలోనూ గచ్చిబౌలిలోనూ కంపెనీల వార్షికోత్సవాలకూ ఫ్యామిలీ డేలకూ పందిళ్ళూ వేదికలూ లైట్లూ మేమే పెడతాం. అల్యూమినియం చట్రాలు, నట్లూ బోల్టులూ, పనివాళ్ళ నెత్తిన హెల్మెట్లు. ఆ మధ్య కొందరు కాలేజీ పిల్లలు వచ్చి, ఇంతమందిని నడిపించడం ఎక్కడ నేర్చుకున్నారు మేడమ్ అని అడిగారు. బోరబండలో అన్నాను. వాళ్ళు మర్యాదగా నవ్వి, అసలు జవాబు కోసం పెన్ను పట్టుకుని ఎదురుచూశారు. ఇంతకంటే అసలు జవాబు నా దగ్గర లేదు. పిల్లలు పాపం, రాసుకోవడానికి ఏమీ దొరక్క వెళ్ళిపోయారు.

నేను సంగారెడ్డి దగ్గర్నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి నా దగ్గర బీకాం పట్టా ఉంది. టెంట్ హౌస్ అంటే ఏమిటో మాత్రం తెలియదు. బోరబండ రైల్వే స్టేషన్‌కు పైన, ఏటవాలు సందులో ముందు రెండు గదుల ఇల్లు, వెనక రేకుల గోదాము. ఇంట్లో ఎక్కడ నిలబడినా గోదాము వాసనే. తడిసి ఆరిన గుడ్డ వాసన, చెదలు పట్టకుండా కర్రలకు పూసిన కిరోసిన్ వాసన, చింతపండు వేసి తోమిన గుండిగల వాసన. తివాచీలకైతే ఎవరింటి పెళ్ళి వాసన వాళ్ళది. ఒకదానికి పసుపు, ఒకదానికి మల్లెలు, ఇంకొకదానికి ఎంత ఉతికినా పోని బగారన్నం. వానాకాలంలో శామియానాలు తడిసి వస్తే, ఎండ కనబడ్డ పూట సందు పొడవునా పరిచేవాళ్ళం. ఇరుగుపొరుగువాళ్ళు గుడ్డ తొక్కకుండా గోడవారగా నడిచి పోయేవారే గానీ ఒక్కరూ కసురుకునేవారు కాదు. వాళ్ళ ఇళ్ళల్లో బారసాలైనా చావైనా కిరాయి మాట ఎత్తకుండా అత్తమ్మ ముందు డేరా పంపేదని నాకు తరవాత తెలిసింది.

అత్తమ్మ పేరు నర్సమ్మ. మామ పోయాక టెంట్ హౌస్ ఆమె చేతికి వచ్చింది. పొట్టి మనిషి, గట్టి గొంతు. పొద్దున పనివాళ్ళు వచ్చేసరికి పెద్ద గిన్నెలో టీ మరుగుతుండాలి, అది నా పని. టీ తాగేటప్పుడు ఆమె పని ఊసెత్తేది కాదు. ఒకరింట్లో జ్వరం సంగతి, ఒకరి ఊళ్ళో బోరు సంగతి, ఒకరి పిల్ల బడి సంగతి అడుగుతూ కూర్చునేది. నేను లోపల్నుంచి వింటూ, ఎండెక్కుతుంటే ఈ ముచ్చట్లేమిటని విసుక్కునేదాన్ని. నాకు తొందర ఎక్కువ, అప్పుడూ ఇప్పుడూ. టీ గ్లాసులు కింద పెట్టాక పనులు పంచేది. ఆ ముచ్చట్లలోనే ఆమె సగం పనులు పంచేసేదని నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. బిడ్డ జ్వరంతో నిద్రలేని మనిషిని ఆ రోజు నిచ్చెన ఎక్కించేది కాదు. ఎవరైనా ఇద్దరు మొహాలు చూసుకోకుండా టీ తాగుతున్నారంటే, ఆ ఇద్దరికీ ఒకే గుండిగ అప్పగించేది. పెద్ద గుండిగను చెరో చెవి పట్టుకుని మోయాలి. అడుగులు కలవకపోతే కూర ఒలికిపోతుంది. పోయేటప్పుడు గొణుక్కుంటూ పోయినవాళ్ళు, వచ్చేటప్పుడు ఒకే అగ్గిపుల్లతో బీడీలు వెలిగించుకుంటూ వచ్చేవారు.

పని ఒప్పుకోవడానికి ఎవరింటికైనా వెళ్ళినప్పుడు నన్ను వెంట తీసుకుపోయేది. వాళ్ళు వాకిలి చూపించబోతే, జర నీళ్ళియ్యండి అని లోపల కూర్చునేది. ఆ నీళ్ళు తాగడానికి ఆమెకు ఎంతసేపు పట్టేదో చెప్పలేను. దారిలో నన్ను అడిగేది, ఆ ఇంట్లో పెద్ద ఎవరని. పెళ్ళికూతురు తండ్రి కదా అనేదాన్ని. కాదట. భోజనాల బంతి ఎన్ని గంటలకు అని అడిగితే అందరూ మూలన ముగ్గేసుకుంటున్న మేనత్త వంక చూశారట, కాబట్టి ఆ రోజు ఏం కావాలన్నా మనం ఆమెనే అడగాలట. నేను కూడా అక్కడే కూర్చున్నాను, నాకు ముగ్గే కనిపించింది.

నేను ఏమడిగినా ఆమె జవాబు ఒకటే, "నువ్వేమంటవ్?" వాన వచ్చేటట్టుంది, తాటిపత్రి వెయ్యాలా అంటే, నువ్వేమంటవ్. ఫలానా వాళ్ళు కిరాయి డబ్బులకు రెండు పూటలా తిప్పించుకున్నారు, మళ్ళీ వెళ్దామా అంటే, నువ్వేమంటవ్. నాకు ఒళ్ళు మండేది. తెలిసినామె చెప్పేస్తే సరిపోతుంది కదా, నాతో ఈ ఆటేమిటి? నేను చెప్పింది ఆమెకు నచ్చకపోయినా చాలాసార్లు అదే చేయించేది. తరవాత తడిసిన కుర్చీలు తుడిచేటప్పుడు పక్కన కూర్చుని తానూ తుడిచేది, ఒక్క మాట అనేది కాదు. అననందుకు ఇంకా మంట.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. శామియానా లేపేటప్పుడు నాలుగు మూలలా నలుగురు తాళ్ళు పట్టుకుంటారు, నడిమి గుంజ దగ్గర ఒకరుంటారు, ఇంకొకరు దూరంగా నిలబడి పిలుపు ఇస్తారు. ఆ పిలుపు ఇచ్చే మనిషి తాడు ముట్టుకోకూడదు. ఎంత గాలి రానీ, ఎంత బరువు కానీ, ముట్టుకోకూడదు. మామ కాలం నుంచీ అంతేనట. అత్తమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని పదడుగుల దూరంలో నిలబడి, ఎల్లయ్యా సడలు, మైసయ్యా గుంజు అని అరిచేది. నాకు ఆ నిలబడటం దొరసానితనంలా కనబడేది. నేను పుట్టింట్లో వరినాట్లు వేసినదాన్ని, చేతులు ఊరుకునేవి కావు. ఎవరి తాడైనా జారుతుంటే పరుగెత్తి పట్టుకునేదాన్ని. "తాడు వట్టినోళ్ళకు ఆళ్ళ మూలనే కనవడ్తది బిడ్డా. అందరు తాళ్ళు వడితే డేరాను చూసేదెవరు?" అని ఒకసారి అంది. అయినా పట్టుకునేదాన్ని, ఆమె ఊరుకునేది.

ఆ రోజుల్లోనే నేను దూరవిద్యలో ఎంబీఏకు కట్టాను. మధ్యాహ్నం పూట గోదాములో తివాచీల దొంతర మీద కూర్చుని చదివేదాన్ని. నాయకత్వం మీద ఒక పాఠం ఉండేది. అత్తమ్మ వక్కలు కత్తిరిస్తూ, అందులో ఏముందో చెప్పమనేది. నేను తెలుగు చేసి చెప్పేదాన్ని. ఆమె శ్రద్ధగా వినేది. మంచిగ రాసిండు, అనేది. పని అప్పగించడం గురించి ఉన్న పేజీ రెండుసార్లు చెప్పించుకుంది. అప్పగించినంక ఆ మనిషి ఏం జేస్తడో రాసిండా, అని అడిగింది. అప్పగించినవాడు పర్యవేక్షిస్తాడు అని ఉంది, అదే చెప్పాను. అంతేనా, అంది. అంతే అన్నాను. చదువు ఆపకు అని చెప్పి లేచిపోయింది. ఆ చదువు నేను పూర్తి చేశాను, నాకు బాగా పనికొచ్చింది కూడా. పన్నులవాళ్ళతోనూ బ్యాంకువాళ్ళతోనూ మాట్లాడే ధైర్యం నాకు ఆ పుస్తకాలే ఇచ్చాయి. అత్తమ్మ అడిగిన ప్రశ్నకు మాత్రం వాటిలో జవాబు దొరకలేదు.

ఆమెకు గుండె జబ్బని దవాఖానలో తేలాక ఇంట్లో మాటలు తగ్గాయి. మా ఆయన ట్రాలీ ఆటో నడిపేవాడు. మెత్తని మనిషి, పెద్దరికం నా వల్ల కాదని తల్లితో ముందే చెప్పేశాడు. ఎల్లయ్య మామ ఉన్నాడు. మా మామగారికి కుడిభుజంగా పనిచేసినవాడు, పనిలో మేస్త్రీ. తరవాత పెద్ద తానే అవుతానని ఆయన అనుకోవడంలో తప్పేమీ లేదు. మేమందరం కూడా అట్లాగే అనుకున్నాం. అత్తమ్మ మాత్రం ఒక పొద్దున టీ గ్లాసులు కింద పెట్టించాక, మాదాపూర్ పని పద్మ చూస్తదని చెప్పింది. పద్మ అంటే నేను.  ఎల్లయ్య మామ గ్లాసు కడిగి బోర్లించి బయటికి పోయాడు.

ఆ మాదాపూర్ పని మాకు వచ్చిన మొదటి కంపెనీ పని. కొత్త ఆఫీసు ప్రారంభోత్సవం. అప్పట్లో అటువైపు ఇంకా బండలు పేలుస్తూనే ఉన్నారు, గాలి నిండా రాతిపొడి. అది సరిగ్గా జరిగితే ఆ వరసలో లేస్తున్న భవనాలన్నిటికీ మాకు దారి దొరుకుతుంది. చెడితే అమీర్‌పేట పెద్ద టెంట్ హౌసులు ఉండనే ఉన్నాయి, మమ్మల్ని మళ్ళీ పిలిచేవాళ్ళు ఉండరు. నాకు అంతకంటే పెద్ద బెంగ ఇంకొకటి. ఎల్లయ్య మామ నా మాట మీద పని చేస్తాడా, చెయ్యడా? వారం నుంచీ నేను ఏం చెప్పినా ఆయన తల తిప్పి అత్తమ్మ మొహం చూసేవాడు. ఆమె తల ఊపాకే కదిలేవాడు. ఆయన ఒప్పుకోకపోతే మిగతావాళ్ళు ఆయన వెంటే పోతారు, గోదాముకు తాళమే.

ఆ ముదురాకుపచ్చ చీర కట్టుకుని అత్తమ్మ కూడా ట్రాలీలో వచ్చింది. వచ్చి, పెళ్ళికి వచ్చిన చుట్టంలా ఒక కుర్చీ వేయించుకుని పక్కన కూర్చుంది. అక్కడ నేల అంతా బండ, మేకులు దిగవు. మేకు దిగని చోట బరువైన దేనికైనా తాడు కట్టడం మావాళ్ళ అలవాటు. ఒక మూల కాంక్రీటు కలిపే మిషనుకు, ఒక మూల పెద్ద రాతిగుండుకు, ఒక మూల ఇనుప చువ్వల కట్టకు కట్టారు. నాలుగో మూలకు దగ్గర్లో ఏమీ లేదు, నీళ్ళ ట్యాంకరొకటి ఆగి ఉంది. ఎల్లయ్య మామ డ్రైవరును అడిగాడు. సాయంత్రం దాకా కదలనని చెప్పి అతను వేపచెట్టు కింద అన్నం మూట విప్పుకున్నాడు. నిండు ట్యాంకరుకు మించిన మేకు ఏముంటుంది? తాడు దాని వెనక కొక్కేనికి కట్టారు.

రిబ్బను కత్తిరించారు, దీపం వెలిగించారు, పెద్దమనుషులు వరసగా కూర్చున్నారు. మైకులో ఎవరో మాట్లాడుతుండగా లోపలి డ్రమ్ముల్లో నీళ్ళు అయిపోయాయట. ఆ కంపెనీవాళ్ళే డ్రైవరు దగ్గరికి మనిషిని పంపి ట్యాంకరు అటు తెమ్మన్నారు. చెట్టు కింద పడుకున్నవాడు లేచి బండి ఎక్కాడు. వెనక తాడు సంగతి మరిచిపోయాడు. ట్యాంకరు కదిలింది, దాని వెంట మా శామియానా మూల కూడా కదిలింది. గుంజ ముందు నిక్కింది, తరవాత ఒరిగింది, ముడి జారి తాడు ఎగిరి పడింది. అదను చూసుకున్నట్టు గాలి లేచింది. గుడ్డ అటు ఉబ్బి ఇటు కుంగి, కింద కూర్చున్నవాళ్ళ తలల మీదికి దిగసాగింది.

నేను పరుగెత్తి ఆ తాడు పట్టుకున్నాను. అరచేతులు మండాయి. నా బరువంతా వేసి గుంజుతున్నా గుంజ నా వైపు రావడం లేదు, గుడ్డ నన్నే లాక్కుపోతోంది. మావాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి అత్తమ్మ వంక చూశారు. నేనూ చూశాను. ఆమె కుర్చీలోంచి లేవలేదు. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని కూర్చుని ఉంది. ఆమె ఒక్క కేక వేస్తే చాలు, అంతమందీ కదులుతారు. ఆ గొంతు నాకు తెలుసు, మైకులను మించిన గొంతు. ఆమె నోరు విప్పలేదు. మావాళ్ళ వంక చూడనైనా చూడలేదు. నన్నే చూస్తూ ఉంది.

ఇంక ఈమె పలకదు అని నాకు అర్థమైన ఆ క్షణాన కలిగిన ఒంటరితనం నేను మరిచిపోలేను. పక్కనున్న మైసయ్య చేతిలో తాడు పెట్టి, వెనక్కి నడిచాను. పదడుగులు నడిచి తిరిగి చూస్తే మొత్తం కనబడింది. మేము గుంజుతున్న మూలలో లేవు తిప్పలు. ఎదురు మూల, ఎల్లయ్య మామ ఉన్న చోట, తాడు బిర్రుగా ఉంది. ఆ మూల అటు గుంజుతున్నంతసేపూ ఈ మూల ఎంతమంది పట్టుకున్నా నిలబడదు. ముందు అది సడలాలి.

"ఎల్లయ్య మామా, నీ తాడు సడలు," అని అరిచాను. ఆయన అత్తమ్మ వంక చూశాడు. ఆమె నన్నే చూస్తోంది. ఆయన మళ్ళీ నా వంక చూశాడు. "నన్ను చూడు మామా. మూరెడు సడలు, గుంజ నా దిక్కు వంచు." ఆయన సడలించాడు. గుడ్డ బుస్సుమని కుంగి, ఆ పక్కన చూరులా వాలి, ఈ పక్క నిలబడింది. వాలిన వైపు కూర్చున్నవాళ్ళను ఇటు రమ్మని నేనే చెప్పాను. కుర్చీలు జరిగాయి, ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఒక పూల కుండీ పగిలింది. మైకులో మాట్లాడుతున్నాయన మధ్యలో ఆపిన వాక్యం మళ్ళీ మొదటి నుంచి చెప్పుకున్నాడు.

కంపెనీ మేనేజరు కృష్ణా జిల్లా వైపు మనిషి. మెల్లగా మాట్లాడేవాడు, ఆ రోజు మొహం ఎర్రగా కందింది. నేరుగా ఎల్లయ్య మామ మీదికి పోయాడు. లారీకి తాడు కట్టడమేంటండీ, బుద్ధి ఉండక్కర్లేదా, ఎవరు కట్టమన్నారండీ అని అడుగుతున్నాడు. ఎల్లయ్య మామ తల వంచుకున్నాడు. ఆ తలపాగా మనిషి అట్లా తల వంచుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. ట్యాంకరును పిలిచింది మీ మనిషేనని నా నోటి చివరి దాకా వచ్చింది. అక్కడ అతిథులున్నారు. నేను వెళ్ళి ఇద్దరి మధ్య నిలబడ్డాను.

"పెద్ద నేను సార్. అడిగేది నన్ను అడగండి. వాళ్ళను జర పని చేసుకోనీయండి."

ఆయన నా మీదే కాసేపు కోపపడి, భోజనాలన్నా సరిగ్గా చూడమని చెప్పి వెళ్ళిపోయాడు. భోజనాలు సరిగ్గానే జరిగాయి. మధ్యాహ్నం దాటాక ఎల్లయ్య మామ తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ వచ్చాడు. అత్తమ్మ కుర్చీ దాటుకుని నా దగ్గరికి వచ్చాడు. "ఇగ ఇప్పమంటవా కోడలా?" అని అడిగాడు. ఆ కోడలా అన్న పిలుపు ముందూ ఉంది. అడగడమే కొత్త. విప్పమన్నాను.

వచ్చేటప్పుడు ట్రాలీలో గుండిగల మధ్య అత్తమ్మా నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఆమె ఒక్క మాట అంటుందేమోనని చూశాను. సగం దారి దాటాక నేనే ఆగలేక, అంత జరుగుతుంటే ఎందుకు పిలవలేదు అత్తమ్మా, డేరా మీద పడితే ఏమయ్యేది అని అడిగాను. ఆమె బయటికి చూస్తూ, "నువ్వున్నవ్ గద," అంది. అంతే. ఎగతాళి చేసిందో, భారం దించుకుందో నాకు తెలియలేదు. ఏదైనా నాకు కోపమే వచ్చింది. ఎవరి టెంట్ హౌస్ అది, పేరు పోతుందన్న చింత ఆమెకు లేకపోతే నాకెందుకు? మర్నాడు బట్టలు ఉతుకుతుంటే ఆకుపచ్చ చీర కొంగు పోగులుగా తెగి చేతికి వచ్చింది. నిన్నటి దాకా బాగున్న చీర. ఏమైందని అడిగితే, ట్రాలీ చెక్కకు సీల తేలి ఉంది, దానికి పట్టిందని చెప్పింది. నేను మా ఆయనను ఆ సీల దిగగొట్టమన్నాను. ఆయన వెతికి, ఎక్కడా సీల లేదే అన్నాడు. నేను మళ్ళీ ఆలోచించలేదు. అప్పటికి మాదాపూర్ నుంచి ఇంకో పని వచ్చింది, నాకు తీరిక లేదు.

అత్తమ్మ ఆ తరవాత కొన్నేళ్ళు బతికింది. ప్రతి పనికీ వచ్చి ఒక పక్కన కూర్చునేది, మళ్ళీ ఎన్నడూ పిలుపు ఇవ్వలేదు. నేను మాత్రం ఆ రోజును నా లోపల ఒక ఫిర్యాదులా దాచుకున్నాను. ఆమె పోయేనాటికి కూడా మళ్ళీ అడగలేదు.

ఇప్పటివాళ్ళకు మాకంటే చాలా తెలుసు. లిఖిత మేనేజ్‌మెంట్ చదివింది. గాలి వేగం ఎంతుంటే చట్రం ఎంత తట్టుకుంటుందో ముందే లెక్క కట్టి గీసిన పటం లేనిదే పని మొదలుపెట్టదు. ట్యాంకరుకు తాడు కట్టిన కథ చెబితే ముందు నవ్వి, తరవాత భయపడింది. ఆ భయం నాకు నచ్చింది. మేము అదృష్టం మీద చేసిన పనులు వాళ్ళు ఆలోచన మీద చేస్తున్నారు. పొద్దున టీ ముచ్చట్లు మాత్రం పోయాయి. ఫోన్లో గ్రూపు ఉంది, ఎవరు ఏం చెయ్యాలో అందులో వచ్చేస్తుంది. ఎవరి బిడ్డకు జ్వరమో అందులో రాదు. ఈ మాట నేనన్నాక లిఖిత, పని మొదలుపెట్టే ముందు అందరినీ ఒకసారి కూర్చోబెడుతోంది. టీ మాత్రం మిషనుది, నీళ్ళలా ఉంటుంది.

చీర దొరికిన నెలకు హైటెక్ సిటీలో ఒక కంపెనీ ఫ్యామిలీ డే వచ్చింది. అది పూర్తిగా నువ్వే చూడమని లిఖితకు చెప్పాను. నేను ఊరికే వస్తానన్నాను. గేటు దగ్గర కాపలా అమ్మాయి నా ఫొటో తీసి, మెళ్ళో పట్టీ ఉన్న విజిటర్ కార్డు వేసింది. పచ్చిక మీద పెద్ద పందిరి, ఒక చివర వేదిక, ఉద్యోగుల పిల్లల నృత్యాలు. నేను పక్కన ఒక కుర్చీలో కూర్చున్నాను.

మూడో పాట నడుస్తుండగా వాన పడింది. పందిరికి ఏమీ కాలేదు. పచ్చిక వాలు నుంచి నీళ్ళు మాత్రం వేదిక కిందికి పారసాగాయి. అక్కడ కరెంటు తీగలున్నాయి. లిఖిత వంగి చూసింది, లేచి, జనరేటర్ ఆపెయ్యమంది. పాట తెగిపోయింది, లైట్లు పోయాయి, రంగురంగుల బట్టల్లో పిల్లలు వేదిక మీద బిత్తరపోయి నిలబడ్డారు. నేనైతే అట్లా చెయ్యను. తీగలను ఒక్కొక్కటే పైకి ఎత్తించి, కార్యక్రమం ఆగకుండా చూసేదాన్ని. నా నోటి దాకా వచ్చింది. మా పాత సూపర్‌వైజర్ దూరం నుంచి నా మొహం చూస్తున్నాడు. కంపెనీ హెచ్‌ఆర్ మేడమ్ చెప్పులు చేతిలో పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. "ఆంటీ, కార్యక్రమం ఆపేస్తే ఎలాగండీ, మీరైనా చెప్పండి," అంది. నేను లిఖిత వైపు చెయ్యి చూపించి, పెద్ద ఆమే, ఆమెనే అడగండి అన్నాను. 

లిఖిత వేదిక ఎక్కింది. మైకు లేదు. పిల్లలందరినీ కిందికి దింపి, పందిరి నడుమ పొడిగా ఉన్న చోటికి తెచ్చి, తల్లిదండ్రులను చుట్టూ నిలబెట్టింది. పాట మీరే పాడండి, చప్పట్లు మీరే కొట్టండి అని చెప్పింది. ముందు ఎవరూ కొట్టలేదు. ఆ కొద్దిసేపు నాకు ఎంత పొడుగ్గా గడిచిందో! లేచి నేనే కొట్టాలని చేతులు తహతహలాడాయి. తరవాత ఎవరో తండ్రి మొదలుపెట్టాడు. పాట తప్పుతూ, తాళం తప్పుతూ పిల్లలు ఆడారు. అనుకున్న కార్యక్రమంలో సగమే జరిగింది. హెచ్‌ఆర్ మేడమ్ మొహం చివరి దాకా బిగిసే ఉంది. పిల్లలకు మాత్రం ఏ తీగా తగల్లేదు.

అందరూ వెళ్ళాక లిఖిత తడిసిన జుట్టుతో నా దగ్గరికి వచ్చింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి, కోపంతో. "ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా. నేను చేసేది తప్పో ఒప్పో తెలియక ఎంత భయపడ్డానో తెలుసా? నువ్వేమో హాయిగా కూర్చున్నావు."

నేను చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. నోట్లోంచి వచ్చింది మాత్రం, "నువ్వున్నవ్ గద," అన్న మాటే.

అది నా చెవిన పడగానే నాకు అత్తమ్మ మీద ఇన్నాళ్ళూ ఉన్న కోపం ఏమైందో తెలియలేదు. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడవాలనిపించింది. లిఖిత విసురుగా పనివాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళనిచ్చాను. నేను ఒక్కదాన్నే గేటు దాకా నడిచాను. కాపలా అమ్మాయి కార్డు అడిగింది. తీసి ఇవ్వబోతే పట్టీ చేతిలో రెండు ముక్కలుగా వచ్చింది. మెలిపడి, నలిగి, అంచులు పోగులు పోగులుగా విడిపోయి ఉంది. పొద్దున ఆమె నా మెళ్ళో వేసినప్పుడు కొత్తది.

"అయ్యో, దీనికేమైంది మేడమ్?" అని అడిగింది ఆ అమ్మాయి.

"సీలకు పట్టింది బిడ్డా," అన్నాను.

ఆమె ఒకసారి నన్నూ, నా వెనక ఉన్న అద్దాల భవనాన్నీ చూసి, ముక్కలు రెండూ తీసుకుని డబ్బాలో వేసుకుంది.